ఇంకా పేరు పెట్టని పార్సిలు

ఆయన పోయాడన్న కబురు నాకు పార్సిలుగా వచ్చింది. మూలపేట ఉప్పు కొటారు నుంచి ఎవరో కొత్త గుమాస్తా పలాస స్టేషనుకి ఒక చెక్కపెట్టె తెచ్చి నా కిటికీ ముందు దింపించాడు. లోపల ఏముందని అడిగాను. అడగడం నా ఉద్యోగం.

"పాత గుమాస్తాగారి సామాన్లండి. పంచెలు, ఓ కంపాసు, ఖాళీ సీసాలు."

"ఆయనకి బదిలీయా?"

"పోయారండి. మూడ్రోజుల జ్వరం."

పెట్టె వాళ్ళ అన్నగారి ఊరికి వెళ్తోందట. చీటీ రాసి అంటించాను. పార్సిలు గుమాస్తాకి దుఃఖం వస్తే చెయ్యగలిగింది పెద్దగా ఏమీ ఉండదు. చీటీ కాస్త వంకరగా అంటించాను.

ఆయన పేరు నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. బతికుండగా తన పేరు ఒక్కచోట అచ్చులో చూసుకోవాలని ఆయనకి ఉండేది. అది జరగలేదు. పోయాక నాలాంటివాడి చేత జరిగిందంటే ఇద్దరికీ మర్యాదగా ఉండదు.

సన్నటి మనిషి. ఎదురుగా నిలబడి చూసినా పక్కనుంచి చూసినట్టే ఉండేవాడు. కళ్ళజోడుకి దారం కట్టి చెవులకి ముడేసుకునేవాడు. మూలపేట నుంచి టెక్కలి, నందిగాం మీదుగా పలాసకి ఎడ్లబండిలో రావాలి. ఆయన బండి కట్టించుకునేవాడు గానీ ఎక్కేవాడు కాదు. సంకలో ఉన్న తగరపు డబ్బాని బండివాడు బండెక్కనిచ్చేవాడు కాదు మరి. "ఎద్దులు బెదురుతున్నాయి బాబూ" అనేవాడు. అందుకని ముందు ఖాళీ బండీ, వెనక డబ్బాతో ఆయనా నడిచి వచ్చేవారు. బాడుగ దేనికని అడిగితే, "దారి చూపించడానికి" అన్నాడు.

మొదటిసారి వచ్చినప్పుడు ఫారం తీసి, "వస్తువు పేరేమిటండీ?" అన్నాను.

"ఇంకా పెట్టలేదు."

"పేరులేని మనుషుల్ని ఎక్కించుకుంటాం గానీ, పేరులేని వస్తువుల్ని ఎక్కించుకోమండి."

"జంతువు" అన్నాడు.

"బతికుందా?"

"లేదు. కానీ పాడవదు."

"మా స్టేషను మాస్టారులాగన్నమాట" అని, ఫారంలో 'ఎండు రొయ్యలు' అని రాశాను. ఆయన కలం అడిగి తీసుకుని ఆ మాటల్ని మెల్లిగా కొట్టేశాడు. "రొయ్యలూ కావు, ఎండనూ లేదు. రెండు మాటల్లో రెండు అబద్ధాలు రాశావు. సర్కారు నౌకరీలో పైకొస్తావబ్బాయ్" అన్నాడు. ఆ రోజునుంచీ నేను ఆయన్ని బాబాయిగారూ అని పిలవడం మొదలుపెట్టాను.

ఆ జంతువు సంగతి చెప్పాలి. సముద్రం అడుగున ఇసుకలో కప్పుకుని పడుకుంటుంది. పెద్ద రొయ్యని ఎవరో మడమేసి తొక్కి పలకలా చేసినట్టుంటుంది. మొహం ముందు మీసాలుండాల్సిన చోట రెండు వెడల్పాటి పారలుంటాయి. దొరలు వాళ్ళ భాషలో దాన్ని చెప్పుతో పోలుస్తారట. మా జాలర్లు దానికి పేరు పెట్టలేదు. వలలో పడితే "ఇదొకటి" అని తీసి విసిరేస్తారు. ఆయన పుస్తకంలో 'స్థానిక నామము' అన్న గడిలో శ్రద్ధగా 'ఇదొకటి' అనే రాసుకున్నాడు.

ఇలాంటి జంతువుల్ని కొలిచి, ఏది ఏ కుటుంబమో తేల్చడం ఆయన పని. అంటే ఉప్పు శాఖ ఇచ్చిన పని కాదు. ఉప్పు శాఖ ఆయన్ని ఉప్పు చూసుకోమంది. ఇది ఆయన సొంతంగా నెత్తికెత్తుకున్నది. దొరలు ప్రతి జంతువుకీ రెండు మాటల పేరు పెడతారనీ, మొదటిది ఇంటిపేరు, రెండోది సొంత పేరు అనీ ఆయనే చెప్పాడు. "ఈ ఒక్క విషయంలో దొరలు మనల్ని చూసి బుద్ధి తెచ్చుకున్నారు. ఇంటిపేరు ముందు రాస్తారు" అనేవాడు. తెలిసిన ఇంట్లో కొత్త పిల్లవాణ్ణి కనిపెట్టడం గొప్పే. కానీ ఎవరికీ తెలియని ఇంటిపేరు ఒకటి కనిపెడితే, ఆ పేరు పక్కన కనిపెట్టినవాడి పేరు కూడా ప్రపంచం ఉన్నంతకాలం అచ్చవుతుందట. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయేది, పక్కగదిలో ఎవరో పడుకున్నట్టు.

ఇంట్లో చేప వండని కుటుంబం ఆయనది. ముట్టుకుంటే స్నానం చెయ్యాలి. చేసేవాడు. నాలుగింటిని కొలిచిన రోజు నాలుగు స్నానాలు. నాలుగూ ఒకేసారి కొలిచి ఒక్క స్నానంతో సరిపెట్టొచ్చు కదండీ అన్నాను. "అలాగైతే కొలతలు కలిసిపోతాయి" అన్నాడు. మూలపేట బావినీళ్ళు ఉప్పు కాబట్టి ఎప్పుడు చూసినా ఒంటిమీద సన్నటి తెల్లపొర ఉండేది. ఎండలో నడిచి వస్తుంటే మనిషి దూరంనుంచి మెరిసేవాడు.

జంతువుల్నే కాదు, ఎదుటివాణ్ణీ కళ్ళతో కొలిచేవాడు. మూడోసారో నాలుగోసారో నాతో మాట్లాడుతూ మధ్యలో ఆపి, "నీ ఎడమచెవి కుడిచెవికంటే గింజెడు కిందకుంది, తెలుసా?" అన్నాడు.

"తెలీదండి. ఇప్పుడు దాన్నేం చెయ్యమంటారు?"

"ఏం చెయ్యక్కర్లేదు. నువ్వు ఎక్కడైనా కొట్టుకుపోతే గుర్తుపట్టొచ్చు."

ఇది ఆయన ఓదార్పుగానే అన్నాడు. నేను వారం రోజులు చెవి తడుముకుంటూ తిరిగాను.

ఆయనకి నచ్చనిది ఒక్కటే, పోలిక. ఒకసారి ఆ జంతువుని చూసి, చింతపండు పిడచలా ఉందన్నాను. "పోలికలు చెప్పకు. అవి చూడ్డానికి బద్ధకం ఉన్నవాళ్ళకి. తేడా చెప్పు" అన్నాడు.

ఒక ఆదివారం మూలపేట వెళ్ళాను. ఆయన గది సముద్రానికి దగ్గర. గోడ పొడుగునా బల్లమీద ఇరవై, ముప్ఫై సీసాలు, సీసాకొక జంతువు, సీసా నిండా స్పిరిట్. వాటికి కళ్ళు వీపుపెంకు ముందంచున, చిట్టచివరి రెండు మూలల్లో ఉంటాయి, బండికి రెండు పక్కలా లాంతర్లు కట్టినట్టు. స్పిరిట్లో నాని అన్నీ తెల్లబడ్డాయి. ఆయన రెండు విస్తళ్ళు వేసి, కూర్చునే ముందు ఒక్కొక్క సీసానీ గోడవైపు తిప్పాడు.

"వాటికి సిగ్గాండీ?"

"నాకు" అన్నాడు.

ఒక్క సీసా మాత్రం తిప్పలేదు. దాంట్లో ఉన్నది మాకేసి చూస్తోంది. చూడ్డమంటే నిజంగా చూడ్డమే. దాని కళ్ళు మూలల్లో లేవు. లోపలికి, నుదుటి మధ్యకి జరిగి, పక్కపక్కనే ఉన్నాయి. తెల్లబడనూ లేదు.

"అదేమిటండీ, దాన్ని తిప్పలేదు?"

"తిప్పుతాను. మళ్ళీ ఇటే తిరుగుతుంది."

బల్ల వాలుగా ఉండి ఉంటుందన్నాను. సీసా అడుగు గుండ్రం, సముద్రం హోరుకి నేల సన్నగా అదురుతుంది, అదిరితే సీసా తిరుగుతుంది. ఆయన సంతోషించి, "నేనూ అదే అనుకున్నాను" అన్నాడు. రైల్వే కాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టి బల్లకోడు కింద దోపి, సీసాని నా చేత్తో గోడవైపు తిప్పాను. భోంచేశాం. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అది ఇటు తిరిగి ఉంది. రైల్వే కాగితం చాలా పలచన. ఈ సంగతి అందరికీ తెలిసిందే.

"ఇది కొత్త ఇంటిపేరబ్బాయ్" అన్నాడాయన, గొంతు తగ్గించి. నాలుగేళ్ళలో కొన్ని వందలు చూశాడు. కళ్ళు లోపలికున్నది ఇదొక్కటే. ఎవరో జాలరి ఒక చుట్ట పుచ్చుకుని ఇచ్చిపోయాడట. పెద్దవలలో పడిందన్నాడట, అంతే.

మూడు పేజీల వర్ణన రాసి, బొమ్మ గీసి, కలకత్తా మ్యూజియంలో ఈ జంతువుల సంగతి చూసే దొరకి పంపాడు. జవాబు వచ్చింది. వర్ణన బాగుంది, బొమ్మ బాగుంది, మీరు చెప్పింది నిజమైతే కొత్త ఇంటిపేరే, మీ పేరుతో అచ్చు వేస్తాను. కానీ ఆ జంతువుని పంపండి. పేరు ఏ ఒక్క ఒంటిని చూసి పెట్టారో ఆ ఒళ్ళు మా బీరువాలో ఉండాలి. ఒళ్ళు లేకపోతే పేరు లేదు. ఆ ఉత్తరం ఆయన చొక్కాజేబులో చెమటకి తడిసి, అక్షరాలు రెండోవైపుకి తేలేదాకా తిరిగింది.

దాన్ని పంపడానికి వచ్చిన రోజు ముందు బండి, వెనక డబ్బాతో ఆయన, ఆయనకి నలభై అడుగుల వెనక ఒక ముసలామె. స్టేషను ముందు ఆయన ఆగితే ఆమె కూడా అక్కడే ఎండలో ఆగిపోయింది.

"ఎవరండీ ఆవిడ?"

"తెలీదు. మూలపేట నుంచి వస్తోంది. నేను నందిగాంలో మంచినీళ్ళు తాగితే తను నిలబడింది."

"ఎందుకొస్తోందని అడగలేదా?"

"తను చెప్పలేదు."

ఇద్దరూ ఒకరినొకరు పలకరించకుండా అన్ని మైళ్ళు నడిచారు. డబ్బా తూచి, ఫారం రాసి, చీటీ అంటించాను. ఆయన ముందే జంతువుకి స్పిరిట్లో తడిపిన గుడ్డ చుట్టి, డబ్బా మూతకి మాటు వేయించాడు. చీమకూడా దూరదు. బల్లమీద పెట్టాక లోపల్నించి గోటితో గీరినట్టు చిన్న చప్పుడైంది. మిట్టమధ్యాహ్నం, తగరం ఎండకి సాగుతుంది.

అప్పుడు ముసలామె కిటికీ దగ్గరకి వచ్చింది. పేరు నూకమ్మట.

"బాబూ, ఆ డబ్బా రైలెక్కించీకు."

"ఏం అమ్మా, ఏముంది అందులో?"

"మా వోడున్నాడు."

"మనుషుల్ని పంపాలంటే ఫారం వేరమ్మా" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆమెకి కోపం రాలేదు.

"ఏ పారవూ వద్దు నాయినా. ఎనక్కిచ్చీ, సాలు."

కిటికీ గూటిని పట్టుకుని మెల్లిగా చెప్పింది. కొడుకు తెప్పమీద వెళ్ళి రాలేదు. నాలుగోనాడు ఊరివాళ్ళు పెద్దవల లాగితే అందులో వచ్చాడు.

"మట్టి సేసేం. మా కాడ మనిసితో వల్లో ఏటొచ్చినా, సేప గానీ పీత గానీ, తినం, అమ్మం, ఇంటికి తేం. ఆ పూటే ఆడి పేరు సెప్పి నీటిలో ఒగ్గెత్తాం. ఆడితో వచ్చినియ్యి ఆడితోనే ఎల్లాల. అన్నీ ఒగ్గీసేరు. ఇదొక్కటి వల మడతలో ఉండిపోనాది. వల ఎండేసినోడు తెలక ఈ బాబుకిచ్చీసి సుట్ట ఒట్టుకెల్లిపోనాడు."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"తెలిత్తే గదా అడగడానికి. ఆడు రోజూ వత్తన్నాడు. మద్దినేల వత్తాడు. గుమ్మంలో కూకుంటాడు. మాటాడడు. ఒంటంతా నీల్లు కారతాయి. అయితే సముద్రం వాసన కాదు బాబూ. అదేదో మందు వాసన."

"సారాయేమో" అన్నాను.

"సారా నాకు తెల్దేటి? ఆడి బాబు తాగీవోడు. ఇది అది కాదు. మొన్న ఈ బాబు కిటికీ పక్కనించి ఎల్తంటే ఆ వాసనే వచ్చినాది. తొంగి సూసేను. నాకేసే సూత్తన్నాది."

నాకు స్పిరిట్ వాసన ఉద్యోగరీత్యా అలవాటు. ఆ రోజు ఆ వాసన బల్లమీదున్న డబ్బావైపునుంచి కాకుండా, కిటికీ అవతల ఆమె నిలబడ్డ వైపునుంచి వచ్చింది. గాలి అటునుంచి వీస్తోంది.

ఆయన ముందుకొచ్చి మర్యాదగా మొదలుపెట్టాడు. "అమ్మా, ఇది జంతువు. నేను కొలిచాను. ఒక్కోసారి దుఃఖంలో ఉన్నవాళ్ళకి దేన్ని చూసినా పోలిక—"

"మా వోడిలాగున్నాదని నాననేదు బాబూ" అంది నూకమ్మ. "మిగతావోటిలాగ నేదంటన్నాను. అన్నిటికీ కళ్ళు సివర్నుంటాయి. దీనికి లోపలికున్నాయి."

ఆయన కలకత్తా దొరకి మూడు పేజీల్లో రాసింది అదే. ఆ రెండు కళ్ళే ఆయన రుజువు. ఆమె రుజువూ అవే. "నీకెవరు చెప్పారు?" అన్నాడు, కొట్టేయబోయే అబద్ధం కోసం వెతికేవాడిలా.

"ఎవులు సెప్పాల? కళ్ళు గదా. కనబడతన్నాయి."

మెయిలు వస్తోందని గంట కొట్టారు. ఇలాంటప్పుడు నాకు ఒక మాట తోచాలి. మామూలుగా తోస్తుంది కూడా. "బాబాయిగారూ, ఎక్కించమంటారా?" అని మాత్రం అడిగాను.

ఆయన డబ్బామీద చెయ్యి వేశాడు. రైలు వచ్చి ఆగింది. గార్డు చేతులు చాపాడు. ఆయన చెయ్యి తియ్యలేదు. జేబులోని ఉత్తరం చొక్కాలోంచి కనపడుతోంది. గార్డు నన్ను తిట్టాడు. రైలు కదిలి, ఆఖరి పెట్టె కూడా దాటిపోయింది. అప్పుడు ఆయన ముఖం ఇంకాస్త సన్నబడ్డట్టు అనిపించింది. అంతకుముందు అది సాధ్యం కాదనుకున్నాను.

బుక్కయిన పార్సిలు వెనక్కివ్వాలంటే అర్జీ రాయాలి, కారణం చూపించాలి. కాగితం ఇచ్చాను. పొందికైన అక్షరాలతో రాశాడు: "కారణము: స్వంతదారు వచ్చినది."

మర్నాడు మిట్టమధ్యాహ్నం మూలపేట ఒడ్డున ముగ్గురం ఉన్నాం. నేనెందుకు వెళ్ళానో నాకు తెలీదు. బహుశా డబ్బా కొయ్యడానికి ఉలి నా దగ్గరుందని. పేరు చెప్పేవాళ్ళు రక్తసంబంధం కాకూడదట. "నాను పిలిత్తే ఎనక్కొత్తాడు. పైవోలు పిలిత్తేనే ఎల్తాడు" అంది నూకమ్మ. ఆయన్ని వంగమని, సముద్రానికి వినబడకుండా కొంగు అడ్డం పెట్టి, చెవిలో కొడుకు పేరు చెప్పింది. చంటిపిల్లాడికి పేరు పెట్టే రోజున చెప్పినట్టే చెప్పింది.

గుడ్డ విప్పాను. నాలుగు నెలలు స్పిరిట్లో ఉన్న ఒళ్ళు కర్రలా బిగుసుకుని ఉంటుంది. అలాగే ఉంది. ఆయన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని నడుం లోతుకి వెళ్ళాడు. ఆయన వెనకే నేనూ కాస్త దూరం దిగాను. ఆయన నీళ్ళకి నోరు ఆనేంత వంగి ఆ పేరు చెప్పాడు. హోరులో నాకు వినపడలేదు. చేతులు విప్పాడు.

బిగుసుకున్న ఒళ్ళు పక్కకి ఒరిగి అడుగున పడాలి. అలకీ అలకీ మధ్య నీళ్ళు తేటపడ్డప్పుడు చూశాను. నిటారుగా దిగింది. తోక ముడిచింది. ఒక్క కుదుపుతో వెనక్కి జరిగి ఇసుకలోకి దిగిపోయింది. రెండు కళ్ళు కాసేపు ఇసుకపైన మాకేసి ఉన్నాయి. తర్వాత లేవు. అల వెనక్కి లాగేటప్పుడు అడుగునున్నది ఏదైనా వెనక్కే జరుగుతుంది. ఇసుక దాన్ని కప్పేస్తుంది.

"చూశావా?" అన్నాడాయన.

"అలండీ."

"అవును, అల" అన్నాడు. ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. ఆ రోజు నేను చూసినంతవరకు స్నానం కూడా చెయ్యలేదు.

కలకత్తాకి జంతువు ఇక లేదని ఒక ముక్క రాశాడు. అటునుంచి కూడా ఒక ముక్కే వచ్చింది. ఒళ్ళు లేదు కాబట్టి పేరు లేదు, చింతిస్తున్నాము. దొరలు చింతించినప్పుడు కాగితం చాలా బాగుంటుంది.

ఆ తర్వాత నెలకి కాబోలు నేను మళ్ళీ మూలపేట వెళ్ళాను. గదికి తాళం వేసి ఉంది. ఒడ్డుకి వెళ్తే ఇద్దరూ కనపడ్డారు. పెద్దవల లాగి చేపలు ఏరుకుపోయాక జాలర్లు వదిలేసిన కుప్ప ముందు గొంతుక్కూర్చున్నారు. నేను ఊరికే ఉండలేక, "ఏం నూకమ్మా, మీవాడు వస్తున్నాడా?" అన్నాను.

"రాట్లేదు బాబూ."

"మంచిదే కదా మరి."

"మంచిదే" అంది. తల ఎత్తకుండా, "ఆ మందు వాసనతోటైనా వచ్చీవోడు" అంది.

ఆమె కుప్పలోంచి ఒక్కొక్క 'ఇదొకటి'ని తీసి, ఇసుక దులిపి, కళ్ళు చూసి, ఆయనకి అందించేది. ఆయన కంపాసు తియ్యకుండా, కొలవకుండా, కళ్ళు మాత్రం చూసి పక్కన పెట్టేవాడు. కొన్ని ఇంకా బతికే ఉన్నాయి, కాళ్ళు ఆడిస్తున్నాయి. "ఇదీ కాదు బాబూ." "కాదు." "ఇది సూడు." "ఊహూఁ." వల లాగిన ప్రతిరోజూ వాళ్ళిద్దరూ అక్కడే ఉంటారని ఊళ్ళోవాళ్ళు చెప్పారు. జ్వరపడే ముందురోజు కూడా ఉన్నాడని ఆయన పోయాక విన్నాను.

ఆ రోజు నన్ను నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టు ఉండనివ్వలేదు. నూకమ్మ నాకూ ఒకటి అందించింది. చల్లగా, బరువుగా ఉంది. అటూ ఇటూ తిప్పి కళ్ళు చూశాను.

కాదు.